కచ్ఛ్ ఎడారిలో చూసినవి, విన్నవి

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించీ, వైద్య బిల్లుల గురించీ మాట్లాడవలసిన పెద్దలు మాట్లాడేశారు. కాస్త మనసు తేలికపడేలా నాలుగు యాత్రా విశేషాలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. భోజనాలకు ముందు మాట్లాడేవాడి మాట శ్రోతలు ఎంతసేపు వింటారో నాకు తెలియనిది కాదు. వంటశాల నుంచి పులిహోర వాసన వచ్చేలోగా ముగించేస్తాను.

మనం రిటైరయ్యాక యాత్ర అనగానే కాశీ, రామేశ్వరం, షిర్డీ గుర్తుకొస్తాయి. ఆ యాత్రలు నేనూ చేశాను. గత మాఘమాసంలో మాత్రం మేము నాలుగు జంటలం కలిసి గుజరాత్‌లోని కచ్ఛ్ జిల్లాకు వెళ్ళివచ్చాం. బయల్దేరే ముందు ఒక మిత్రుడు, "ఎడారిలో ఏముందండీ, ఉప్పూ ఇసుకా తప్ప?" అన్నాడు. ఆయన ఇవాళ ముందు వరసలోనే కూర్చున్నారు. ఈ ప్రసంగమంతా ఆయనకు నా జవాబు అనుకోండి.

విజయవాడలో నవజీవన్ ఎక్కితే మర్నాడు అహ్మదాబాద్. అక్కడ ఒక రాత్రి విశ్రమించి మరో రైల్లో భుజ్ చేరాం. భుజ్ కచ్ఛ్ జిల్లాకు ముఖ్యపట్టణం. కచ్ఛ్ విస్తీర్ణం 45 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. దేశంలోకెల్లా పెద్ద జిల్లా. కేరళ రాష్ట్రమంతా కలిపినా దీనికన్నా చిన్నదే. పటంలో చూస్తే తాబేలు బోర్లాపడుకున్నట్టు ఉంటుంది. కచ్ఛపం అన్న మాట నుంచే ఆ పేరు వచ్చిందనేవారున్నారు. ఉత్తరాన పెద్ద రణ్, తూర్పున చిన్న రణ్, దక్షిణాన సముద్రం. రణ్ అంటే మనం సినిమాల్లో చూసే ఇసుక తిన్నెల ఎడారి కాదు. వానాకాలంలో సముద్రపు నీరూ వాన నీరూ కలిసి పల్లాన్ని ముంచుతాయి. చలికాలానికి నీరు ఇగిరిపోయి ఉప్పు మిగులుతుంది. కనుచూపు మేర తెల్లటి నేల. ధోర్డో గ్రామం దగ్గర నిలబడి సూర్యాస్తమయం చూశాం. ఎటు చూసినా చెట్టు లేదు, గట్టు లేదు, పిట్ట లేదు. మా ఆవిడ, "ముగ్గు వేయడానికి చోటు చాలదని ఇక్కడ ఎవరూ అనరు కదా!" అంది. ఆ తెల్లదనాన్ని అంతకన్నా బాగా వర్ణించడం నా వల్ల కాదు.

నేను నీటిపారుదల శాఖలో ఓవర్సీరుగా చేరి, డిప్యూటీ ఇంజనీరుగా దిగినవాణ్ణి. ఎక్కడికి వెళ్ళినా నా చూపు ముందు నీటి మీదకే పోతుంది. మన కోస్తాలో పడే వానలో సగం కూడా కచ్ఛ్‌లో పడదు. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. సర్దార్ సరోవర్ నుంచి నర్మద నీరు తెచ్చే కచ్ఛ్ బ్రాంచి కాలువ 350 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, 2022 ఆగస్టులో మాండ్వీ తాలూకా దాకా చేరింది. అంతవరకూ అక్కడి మనిషి వానను నమ్ముకుని, పశువులను నమ్ముకుని, తన చేతులను నమ్ముకుని బతికాడు. ఈ మూడింటిలో వాన తరచూ మాట తప్పుతుంది. వాన లేకపోతే పశువులు నిలవవు. ఇక మిగిలినవి చేతులు. కచ్ఛ్ చేతిపనులకు అంత పేరు రావడానికి కారణాల్లో ఇదొకటని నాకు తోచింది.

భుజ్‌లో రాజుల కాలం నాటి కట్టడాలు రెండు చూడాలి. ఒకటి ఆయినా మహల్, అంటే అద్దాల మేడ. 18వ శతాబ్దంలో రావ్ లఖ్‌పత్‌జీ కోసం రామ్‌సింగ్ మాలం అనే పనివాడు కట్టాడు. ఈయన ఓడల మీద ఐరోపాకు చేరి, హాలండులో చాలా ఏళ్ళుండి గాజు పని, పింగాణీ పలకల పని, గడియారాల పని నేర్చుకుని స్వదేశానికి వచ్చాడు. తిరిగి వచ్చినవాడు తాను నేర్చినదంతా ఊరివాళ్ళకు నేర్పాడు. మాండ్వీలో గాజు కార్ఖానా పెట్టించాడు. పక్కనే ఉన్నది ప్రాగ్ మహల్. 1865లో మొదలై 1879లో పూర్తయింది. కల్నల్ విల్కిన్స్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ఇటలీ పద్ధతిలో గీసిన నక్షా. ఎత్తయిన గడియారపు గోపురం ఉంది. మెట్లు చూసి మాలో సగం మంది కిందే ఉండిపోయారు. మోకాళ్ళు మొరాయించని వారు ఎక్కితే ఊరంతా కనిపిస్తుంది.

ఈ రెండు మేడల మీదా 2001 నాటి గాయాలున్నాయి. 2001 జనవరి 26, ఉదయం 8 గంటల 46 నిమిషాలు. దేశమంతా జెండా వందనం చేస్తున్న వేళ కచ్ఛ్‌లో నేల కదిలింది. 13,000 మందికి పైగా చనిపోయారని ప్రభుత్వ లెక్క. అంజార్ పట్టణంలో గణతంత్ర దినోత్సవ ఊరేగింపుగా సందులో నడుస్తున్న బడి పిల్లల మీద, వారి ఉపాధ్యాయుల మీద ఇళ్ళు కూలాయి. ఆ రోజు మనమంతా టీవీల ముందు కూర్చుని చూసినవాళ్ళమే. మన ఉద్యోగుల్లో చాలామంది ఒక రోజు జీతం ఇచ్చారు కూడా.

భుజ్‌ను ఆనుకుని భుజియా కొండ ఉంది. దాని మీద స్మృతివనం కట్టి 2022 ఆగస్టులో ప్రారంభించారు. స్మారకమంటే మనకు తెలిసినది ఒక స్తంభం, దాని చుట్టూ ఇనుప గొలుసు. ఇక్కడ అలా కాదు. కొండవాలు పొడుగునా వాన నీటిని ఆపే చిన్న చిన్న జలాశయాలు కట్టి, వాటి గోడల మీద చనిపోయిన వారి పేర్లు ఉంచారు. ఆ నీటితో చెట్లు పెంచుతున్నారు. జీవితమంతా చెక్‌డ్యాములకు ఎస్టిమేట్లు వేసిన నాకు, మనుషుల పేర్లు మోసే చెక్‌డ్యాము కనిపించడం అదే మొదటిసారి. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

ఆ మర్నాడు బన్నీ ప్రాంతానికి వెళ్ళాం. అది భుజ్‌కు ఉత్తరాన ఉన్న గడ్డిభూమి. పశువులను మేపుకునే వారి ఊళ్ళు. వారి ఇళ్ళను భుంగా అంటారు. గుండ్రంగా మట్టిగోడ, పైన శంఖాకారంలో గడ్డికప్పు, ఒక తలుపు, చిన్న చిన్న కిటికీలు. లోపల మట్టీ పేడా కలిపిన ముద్దతో గోడ మీద తీగలూ పువ్వులూ తీర్చి, మధ్య మధ్య చిన్న అద్దం ముక్కలు పొదుగుతారు. దీన్ని లిప్పన్ పని అంటారు. ఒక్క దీపం పెడితే గదంతా నక్షత్రాలే. మిట్టమధ్యాహ్నం లోపలికి వెళితే, బయటి ఎండ సంగతే మరిచిపోయాం.

ఇక్కడ మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. 2001లో రాయీ సిమెంటూ పెట్టి కట్టిన ఇళ్ళు వేల సంఖ్యలో కూలిపోతే, సవ్యంగా కట్టి బాగోగులు చూసుకున్న భుంగాలు చాలావరకు నిలిచాయి. ఇందులో మాయ లేదు. నేల ఊగినప్పుడు నలుచదరపు ఇంట్లో మూలల దగ్గర ఒత్తిడి పోగుపడి, అక్కడే గోడలు విడిపోతాయి. గుండ్రటి గోడకు మూల లేదు. వచ్చిన ఒత్తిడిని చుట్టూ పంచుకుంటుంది. పైకప్పు గడ్డిది కాబట్టి బరువు తక్కువ. 1819లో కూడా కచ్ఛ్‌లో పెద్ద భూకంపం వచ్చింది. ఈ గుండ్రటి ఇళ్ళ వాడుక ఆ తర్వాతే బలపడిందని చెబుతారు. మన ఉత్తర కోస్తాలో తాటాకు కప్పు నేలకు ఆనేలా దించిన చుట్టిళ్ళు గుర్తున్నాయా? శ్రీకాకుళం, విశాఖ జిల్లాల వారికి చెప్పనక్కర్లేదు. అవి తుపాను గాలికి కట్టినవి, ఇవి భూకంపానికి నిలిచినవి. రెండింటినీ ఏ ఇంజనీరూ గీయలేదు. దెబ్బ తిన్నవాళ్ళు గుర్తుపెట్టుకుని కట్టుకున్నారు.

ఇంకా వెనక్కి వెళితే ధోలావీర ఉంది. రణ్ మధ్యలో ఖదీర్ అనే దిబ్బ మీద సింధు నాగరికత నాటి నగరం, సుమారు 4,500 ఏళ్ళ కిందటిది. ఇటీవల రణ్ మీదుగా వేసిన రోడ్డు పుణ్యమా అని భుజ్ నుంచి పొద్దున్నే బయల్దేరి చూసి రావచ్చు. రోడ్డుకు ఇరువైపులా తెల్లటి ఉప్పే. సముద్రం మీద కారు నడుపుతున్నట్టుంటుంది. 1960 దశకంలో జగత్‌పతి జోషి గారు ఈ చోటును వెలుగులోకి తెచ్చారు. 1990 నుంచి ఆర్.ఎస్. బిష్త్ గారి ఆధ్వర్యంలో పురావస్తు శాఖ వారు తవ్వకాలు జరిపారు. ఉత్తర ద్వారం దగ్గర పది పెద్ద అక్షరాలతో ఒక పలక దొరికింది. ఆ లిపిని నేటికీ ఎవరూ చదవలేకపోయారు. ఊరి పేరో, రాజు పేరో, "పాదరక్షలు బయట విడువుడు" అన్న హెచ్చరికో మనకు తెలియదు!

నన్ను కట్టిపడేసింది అక్కడి నీటి ఏర్పాటు. వానాకాలంలో మాత్రమే పారే రెండు వాగులు, మన్సర్, మన్హర్. వాటికి అడ్డుకట్టలు వేసి, నీటిని మళ్ళించి, నగరం చుట్టూ వరసగా తవ్విన చెరువుల్లోకి పంపారు. నేల వాలును బట్టి ఒకటి నిండాక మరొకదానిలోకి. ఒక్క తూర్పు చెరువే 70 మీటర్లకు మించిన పొడవు. అడుగుదాకా రాతిమెట్లు ఉన్నాయి. లెవెలింగు పరికరం లేని రోజుల్లో ఆ వాలు పట్టిన మేస్త్రీకి నేను గట్టు మీద నుంచే దణ్ణం పెట్టాను.

మీకు తెలిసిన సంగతే అయినా ఒకటి గుర్తుచేస్తాను. 2021 జూలై 25న పాలంపేటలోని మన రామప్ప గుడిని యునెస్కో వారు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. మన దేశం నుంచి అది 39వది. రెండు రోజుల తర్వాత, జూలై 27న, 40వదిగా చేరింది ధోలావీరే. ఒకటి ఇసుక పునాది మీద నిలిచిన గుడి, నీటిలో తేలే తేలికపాటి ఇటుకల గోపురం. మరొకటి ఉప్పు నేల మధ్య తియ్యటి నీరు దాచుకున్న నగరం. అయితే రెండింటికీ ఒక లోటుంది. కట్టిన చేతుల విద్య మనదాకా రాలేదు. రామప్ప ఇటుక ఎలా చేశారో మనం ప్రయోగశాలలో పరీక్షలు చేసి తెలుసుకోవలసి వస్తోంది. ధోలావీర పలకను చదివే మనిషే లేడు. కట్టడం మిగిలింది గాని చెప్పేవాడు మిగల్లేదు.

ఈ మాట మనసులో ఉంచుకుని మిగతా కథ వినండి. కచ్ఛ్‌లో చెప్పేవాడు మిగిలిన చోట్లు కూడా ఉన్నాయి. వాటి కోసమే అంత దూరం వెళ్ళాలి.

భుజ్‌కు వాయవ్యంగా 40 కిలోమీటర్ల దూరంలో నిరోణా అనే ఊరుంది. అక్కడ రోగన్ పని చేసే ఖత్రీ కుటుంబం ఉంది. ఆముదాన్ని రోజుల తరబడి కాచి, బంకలా చిక్కబడ్డాక రంగు కలుపుతారు. ఆ ముద్దను ఎడమ అరచేతిలో వేసుకుని, ఇనుప పుల్లతో దారంలా సాగదీసి గుడ్డ మీద పరుస్తారు. పుల్ల గుడ్డను తాకదు, దారమే వాలుతుంది. సగం బొమ్మ వేసి, గుడ్డను మడిచి అద్దితే మిగతా సగం పడుతుంది. ఒకప్పుడు పల్లె పెళ్ళికూతుళ్ళ పావడాల మీద వేసేవారట. మిల్లు గుడ్డలు చవకగా వచ్చాక అడిగే దిక్కులేక ఆ పని దాదాపు ఆగిపోయింది. ఆ కుటుంబంలోని అబ్దుల్ గఫూర్ ఖత్రీ గారు దాన్ని మళ్ళీ నిలబెట్టారు. 2014లో మన ప్రధానమంత్రి అమెరికా అధ్యక్షుడు ఒబామాకు కానుకగా ఇచ్చినది ఈ రోగన్ చిత్రమే. 2019లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బిరుదు కన్నా గొప్ప సంగతి, తమ ఇంటి గడప దాటని విద్యను ఊళ్ళోని ఆడపిల్లలకు కూడా నేర్పడం.

అదే ఊళ్ళో లోహార్లు పశువుల మెడలో కట్టే గంటలు చేస్తారు. ఇనుప రేకును కొట్టి, అంచులు మడిచి బిగిస్తారు. అతుకు లేదు, వెల్డింగు లేదు. పైన రాగిపొడి పట్టించి బట్టీలో కాలుస్తారు. చివర్లో గంట అంచును సుత్తితో ఒకటి రెండు దెబ్బలు కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్ళీ కొడతారు. స్వరం కుదిరేదాకా అంతే. చీకట్లో మంద ఎటు పోయినా, తన గేదె గంట ఏదో కాపరికి తెలిసిపోవాలి. మా బృందంలో సంగీతం టీచరమ్మగా రిటైరైన వదినగారు ఒకరున్నారు. ఆవిడ గంటలన్నీ వరసగా పేర్పించి సరిగమలు పలికించేసరికి, లోహారు ముసలాయన నవ్వి చెక్క నాలుకలు సరిచేసి మరీ అందించాడు.

కుట్టుపని సంగతి చెప్పకపోతే మా ఆవిడ ఊరుకోదు. రబారీ, ఆహిర్, జత్, ముత్వా, సోఢా, మేఘ్వాల్, ఇలా ఒక్కొక్క కులానికీ ఒక్కొక్క కుట్టు. కుట్టు చూసి మనిషి ఏ ఊరో చెప్పగలరట. ఇదంతా వారు తమ ఇంట్లోకి, ఆడపిల్ల పెళ్ళికి కుట్టుకునేవే గాని అమ్మకానికి కాదు. 1969 కరువులో చందా శ్రాఫ్ అనే ఆవిడ ధనేతీ గ్రామానికి సహాయం కోసం వెళ్ళారు. ఉచితంగా తిండి తీసుకోవడానికి అక్కడి స్త్రీలు మొగమాటపడుతున్నారనీ, ఒంటి మీది పాత బట్టల్లో మాత్రం అద్భుతమైన కుట్టు ఉందనీ గమనించారు. తిండికి బదులు పని ఇచ్చారు. ఆ పని శ్రుజన్ సంస్థ అయింది. 2016లో వారు అజ్రఖ్‌పూర్‌లో పెట్టిన మ్యూజియంలో ఈ కుట్లన్నీ విడివిడిగా చూడవచ్చు. మా ఆవిడ అక్కడ మూడు గంటలుంది. నేను రెండుసార్లు టీ తాగి వచ్చినా ఇంకా రెండో గదిలోనే ఉంది.

అజ్రఖ్‌పూర్ అన్నాను కదా. నా యాత్రలో అసలు మజిలీ అది. అజ్రఖ్ అంటే నీలి, ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో చెక్క అచ్చులతో అద్దే గుడ్డ. ఈ పని చేసే ఖత్రీలు 16వ శతాబ్దంలో సింధు దేశం నుంచి వచ్చారు. కచ్ఛ్ రాజే పిలిపించాడని చెబుతారు. వారు ధమడ్కా అనే ఊళ్ళో, ఏటి ఒడ్డున స్థిరపడ్డారు. అద్దకానికి ఏటి నీరే ప్రాణం. తర్వాత తర్వాత ఏరు ఎండింది, బావుల మీద ఆధారపడ్డారు. 2001 భూకంపంలో ధమడ్కా కూలిపోయింది. ఇళ్ళు మళ్ళీ కట్టుకోవచ్చు. కాని భూకంపం తర్వాత బావుల్లో నీటి స్వభావం మారింది, ఇనుము పాలు పెరిగింది. ఇనుము ఉన్న నీళ్ళలో ఉడికిస్తే ఎరుపు నల్లబడుతుంది, రంగులు మసకబారతాయి. ఇళ్ళు పోయిన దుఃఖంలో ఉన్న మనుషులు అప్పుడు చేసిన పనేమిటంటే, నీటి పరీక్షలు చేయించి, మంచి నీరు దొరికే చోటు వెతికి, భుజ్‌కు తూర్పున కొత్త ఊరు కట్టుకున్నారు. దానికి తమ పని పేరే పెట్టుకున్నారు. అందరూ వెళ్ళలేదు. కొందరు ధమడ్కాలోనే ఉండి నేటికీ పని చేస్తున్నారు. ఈ ప్రయత్నానికి ముందు నిలిచినవారిలో ఒకరైన ఇస్మాయిల్ మహమ్మద్ ఖత్రీ గారికి ఇంగ్లండులోని డి మాంట్‌ఫోర్ట్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

మేము వెళ్ళింది ఒక మామూలు ఇంటి కార్ఖానాకు. పెద్దాయనకు 70 దాటి ఉంటాయి. మోచేతుల దాకా నీలిమందు. హిందీ ప్రచార సభ వారి మధ్యమ పరీక్ష ప్యాసైన నా హిందీ అక్కడ అక్కరకొచ్చింది. ఆయన ఒక్కొక్క గంగాళం మూత తీసి చూపించాడు. ముందు గుడ్డను ఉతికి గంజి పోగొట్టాలి. తర్వాత కరక్కాయ నీళ్ళలో ముంచాలి. సున్నం, బంక కలిపిన ముద్దతో తెలుపు ఉండవలసిన చోట అచ్చు వేయాలి. నలుపు కోసం ఇనుప తుక్కు, బెల్లం కలిపి వారాల తరబడి ఊరబెట్టిన నీళ్ళు. ఎరుపు కోసం పటిక. ఆ తర్వాత నీలిమందులో ముంచడం, ఉతకడం, ఎండబెట్టడం, ఉడకబెట్టడం, మళ్ళీ ఉతకడం. మొత్తం 14 నుంచి 16 అంచెలు.

కరక్కాయ వాసన ముక్కుకు తగిలేసరికి నాకు మా అమ్మమ్మ గారి ఊరు పెడన గుర్తుకొచ్చింది. మా తాతగారు అక్కడ కలంకారీ అద్దకం పనివారు. ఆ ఇంటి వెనుక ఇవే గంగాళాలు, ఇదే కరక్కాయ, ఇదే పటిక, ఇదే ఇనుప తుక్కు, బెల్లం కలిసి పులిసిన వాసన. ఎరుపుకు చిరివేరు వాడిన రోజులను ఆయన చెప్పేవారు. ఉతికింది కృష్ణ కాలువలో. తర్వాత నేను ఉద్యోగం చేసింది అలాంటి కాలువల మీదే. ఈ సంగతి వచ్చీరాని హిందీలో చెబితే ఆ పెద్దాయన మొహం వికసించింది. పని ఆపి నన్ను మంచం మీద కూర్చోబెట్టి, "అయితే మీరు మావారే. ఇప్పుడు మీ ఇంట్లో ఆ పని ఎవరు చేస్తున్నారు భాయ్?" అని అడిగాడు.

ఎవరూ చేయడం లేదు. మా మేనమామలు మిల్లుల్లోకి, ఆఫీసుల్లోకి వెళ్ళారు. వారి పిల్లలు హైదరాబాదులోనూ, టెక్సాస్‌లోనూ ఉన్నారు. ఇది ఎవరి తప్పూ కాదు. ఆ రోజుల్లో అద్దకం పనికి అన్నం పుట్టేది కాదు, మా తాతగారే పిల్లలను చదువుకోమని తరిమారు. నేను ఉన్నమాట చెప్పాను. ఆయన జాలిపడలేదు, బోధ చేయలేదు. "అచ్చులేమైనాయి?" అని మాత్రం అడిగాడు. మా పెద్దమామయ్య ఇంటి అటక మీద ఒక గోనెసంచిలో ఉండేవి, తర్వాత తెలియదు అన్నాను. ఆయన లోపలికి వెళ్ళి ఒక పాత టేకు అచ్చు తెచ్చి నా చేతిలో పెట్టాడు. పిడి దగ్గర అరిగి నున్నగా ఉంది. "ఇది మా నాయన చేతి అరుగుదల. నేను పట్టుకుంటే నా వేళ్ళు అక్కడే పడతాయి. మా మనవడివీ అక్కడే పడుతున్నాయి" అన్నాడు.

ఆ మనవడు అక్కడే ఉన్నాడు. బి.కాం. చదివాడు. లెక్కలు, ఆర్డర్లు, ఫోన్లు వాడివే. పొద్దున పూట మాత్రం తాత పక్కన నిలబడి అచ్చు వేయాలన్నది ఇంటి నియమం. కచ్ఛ్‌లో ఇలాంటి పిల్లలకు వారి భాషలోనే నమూనా తయారీ, మార్కెట్టు సంగతులు నేర్పే చదువు కూడా ఉంది. 2005లో కళారక్ష విద్యాలయం, 2014లో సోమయ్య కళా విద్య ఇందుకే పుట్టాయి. చదువుకుంటే పని మానేయాలన్న భయం అక్కడ కొంత తగ్గింది. వాళ్ళకూ బాధలున్నాయి. నేల కింది నీరు దిగిపోతోందన్న దిగులుంది. మిల్లుల్లో యంత్రాల మీద అజ్రఖ్ నమూనానే అచ్చొత్తి, పదోవంతు ధరకు అమ్మేవారితో పోటీ ఉంది. "మా పేరు వాళ్ళు అమ్ముకుంటారు, మా పని మాత్రం వాళ్ళకు రాదు" అన్నాడు కుర్రవాడు. మన కలంకారీకి పట్టిన గతీ ఇదే.

సోదరులారా, మనందరి చేతుల్లోనూ ఏదో ఒక విద్య ఉంది. ఇనాం భూముల పాత రికార్డు చదవగలిగిన రెవెన్యూ వారు ఇక్కడున్నారు. ఏ తూము ఎంత ఎత్తితే చివరి ఎకరానికి నీరందుతుందో చెప్పగల లస్కర్లు ఉన్నారు. ఆవకాయ పాళ్ళు కొలత లేకుండా కలిపే తల్లులున్నారు. వీటికి పెన్షను లేదు, నామినీ కాలమూ లేదు. అడిగేవాళ్ళు లేరని మనం చెప్పడం మానేస్తాం, చెప్పేవాళ్ళు లేరని పిల్లలు అడగడం మానేస్తారు. భూకంపం వచ్చినా ఆ ఖత్రీల విద్య పోలేదు. మా ఇంట్లో విద్య ఏ భూకంపమూ రాకుండానే పోయింది. తేడా అంతా, పక్కన నిలబడిన మనవడి దగ్గరే ఉంది.

ఇక వెళ్ళదలచిన వారికి కొన్ని సూచనలు. కార్తికం నుంచి మాఘం దాకా వెళ్ళండి, ఎండాకాలం వద్దు. పగలు ఎండ, రాత్రి గట్టి చలి, కాబట్టి శాలువా, మంకీ క్యాపు తప్పనిసరి. తెల్ల రణ్ చూడటానికి దారిలో అనుమతి పత్రం తీసుకోవాలి, గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి. బి.పి., షుగరు మాత్రలు పది రోజులకు సరిపడా తీసుకెళ్ళండి, పల్లెల్లో మందుల షాపులు ఉండవు. తిండికి భయం లేదు. సజ్జరొట్టె, మజ్జిగ, కిచిడీ, కఢీ మన వయసుకు సరిపోయేవే. పంటి బలం తక్కువైన వారు రొట్టెను మజ్జిగలో నానబెట్టుకోవచ్చు.

ఏదైనా కొనాలనుకుంటే చేసినవాడి ఇంటికే వెళ్ళి కొనండి. చేత్తో అద్దిన గుడ్డలో అచ్చుకూ అచ్చుకూ మధ్య అతుకు కాస్త అటూ ఇటూ అవుతుంది, రంగు వెనుక వైపుకూ దిగుతుంది. యంత్రం అచ్చులో ఆ తొణుకు ఉండదు. నాలుగు కొనే డబ్బుతో ఒక్కటే కొనండి, కాని అసలుది కొనండి. చేసినవారి పేరు అడిగి కాగితం మీద రాయించుకుని, ఆ గుడ్డతో పాటు దాచండి.

అంత దూరం వెళ్ళలేని వారు నిరుత్సాహపడవద్దు. పెడన మనకు దగ్గరే. విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్ళే రైలు అక్కడ ఆగుతుంది. కలంకారీ అచ్చులు వేసే చేతులు ఇంకా అక్కడ ఉన్నాయి. వచ్చే నెలలో ఒక ఆదివారం మన సభ్యులు మనవలతో సహా పెడన వెళ్ళి, ఒక పూట ఆ పని చూసి రావాలని నేను ప్రతిపాదిస్తున్నాను. కార్యవర్గం అంగీకరిస్తే ఏర్పాట్లు నేను చూసుకుంటాను. మా పెద్దమామయ్య కొడుకుకు ఉత్తరం రాశాను. అటక మీద ఆ గోనెసంచి ఉందో లేదో చూడమన్నాను, జవాబు రావలసి ఉంది.

వెళ్ళదలచిన వారు భోజనాల తర్వాత కోశాధికారి గారి దగ్గర పేర్లు ఇవ్వండి. మనవల పేర్లు ముందు రాయించండి, మీ పేర్లు తర్వాత.